ఫార్ములాలన్నీ వచ్చినా ఫిజిక్స్ లెక్కలు ఎందుకు రాలేదంటే

పాఠం వింటుంటే అంతా అర్థమైనట్టే ఉండేది, లెక్క ముందు కూర్చుంటే మాత్రం పెన్ను కదిలేది కాదు. యూనివర్సిటీకి ముందు చదివే అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్‌తో నా గొడవంతా ఇదే. ఫార్ములాలు రాక కాదు, అవి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

అసలు రోగం ఒక దొర్లుడు లెక్కలో బయటపడింది. వాలుతలం మీద ఘన సిలిండర్ జారకుండా దొర్లుతోంది, త్వరణం ఎంత? ఘర్షణ అనగానే కళ్లు మూసుకుని మ్యూ ఎన్ (ఘర్షణ గుణకాన్ని, తలం లంబంగా నెట్టే అభిలంబ బలంతో గుణిస్తే వచ్చేది) అని రాసేశాను. అది ఘర్షణకు గరిష్ఠ హద్దు మాత్రమే, జారనప్పుడు అసలు విలువను సమీకరణాల నుంచే రాబట్టాలి. బొమ్మ గీసి, బరువు, అభిలంబ బలం, ఘర్షణ బాణాలు పెట్టి, కిందికి వెళ్లే చలనానికి ఒక సమీకరణం, తిరగడానికి, తిప్పే ప్రభావమైన టార్క్‌తో ఇంకొకటి రాస్తే త్వరణం జి సైన్ తీటాలో (జి గురుత్వ త్వరణం, తీటా వాలు కోణం) 2/3 వంతు అని తేలింది, ద్రవ్యరాశి, వ్యాసార్థం రెండూ కొట్టుకుపోయాయి! ఘన గోళమైతే 5/7, పలచటి రింగైతే 1/2.

అప్పటినుంచి బొమ్మ లేకుండా లెక్క మొదలుపెట్టలేదు. జవాబు చూసేముందు 20 నిమిషాలు కుస్తీ పడతాను, చూసినా రెండు రోజులాగి ఖాళీ కాగితం మీద మళ్లీ చేస్తాను (విసుగే, కానీ నాకు పనిచేసింది ఇదే). ఆ సిలిండర్ లెక్కకు వచ్చిన జవాబులో తీటాని 90 డిగ్రీలు (అంటే వాలు నిట్టనిలువు) చేసి చూస్తే అభిలంబ బలం సున్నా, ఘర్షణా సున్నా, ఇక జారకుండా దొర్లడమన్న షరతే చెల్లదని అప్పుడు వెలిగింది.

తప్పులకో నోట్‌బుక్ కూడా పెట్టాను. అందులో సగం ప్లస్, మైనస్ గుర్తుల పొరపాట్లే.