వెబ్ పేజీలో తెలుగు పాడైతే ముందు ఏం చూడాలి

"నిన్నటిదాకా బాగానే ఉంది సార్, ఇవాళ తెలుగంతా పిచ్చిపిచ్చిగా వస్తోంది" అని ఎవరు ఫోన్ చేసినా ముందు స్క్రీన్‌షాట్ పంపమంటాను. కోడ్ సంగతి తర్వాత. తప్పు ఎక్కడుందో చాలావరకు ఆ చెత్తలోనే తెలిసిపోతుంది.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇవే వరసగా కనబడుతున్నాయా? అయితే టెన్షన్ అక్కర్లేదు, చాలాసార్లు డేటా భద్రంగానే ఉంటుంది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు కోడ్‌కి (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, ఇలా ఒక్కోదానికీ ఒక కోడ్) మూడు బైట్లు. బైట్లను రాసే హెక్స్ లెక్కలో మొదటిది ఈ0 (E0), రెండోది బీ0 లేదా బీ1. బ్రౌజర్ వాటిని విండోస్-1252 అనే పాత ఇంగ్లిష్ అక్షరాల పట్టిక అనుకుని చదివితే ఈ0 గీత ఏ అవుతుంది, బీ0 డిగ్రీ, బీ1 ప్లస్-మైనస్. పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్ హెడ్‌లో మొట్టమొదటి లైనుగా, ఏ పద్ధతిలో చదవాలో బ్రౌజర్‌కి చెప్పే మెటా ఛార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టండి. అది ఫైల్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. అయినా మారకపోతే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో కంటెంట్-టైప్ హెడర్ చూడండి. సర్వర్ అందులో వేరే ఛార్‌సెట్ పంపుతుంటే మెటా మాట చెల్లదు.

స్క్రీన్ మీది చెత్తను కాపీ చేసుకుని వెనక్కి మార్చే ప్రయత్నం మాత్రం వద్దు. 'ఠ' మూడో బైటు ఏ0. అది విడదీయని స్పేస్‌గా మారుతుంది, పేస్ట్ చేసేటప్పుడు మామూలు స్పేస్ అయిపోవచ్చు. పొల్లు మూడో బైటు 8డీకి విండోస్-1252 పట్టికలో అక్షరమే లేదు, పైథాన్ ప్రోగ్రామ్‌తో వెనక్కి మార్చబోతే అక్కడే ఎర్రర్ ఇస్తుంది. పొల్లు లేకపోతే మన వత్తులన్నీ గోవిందా.

వరసగా ప్రశ్నార్థకాలు వస్తే వ్యవహారం వేరు. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, బైట్లను ఉన్నదున్నట్టు చూపే హెక్స్ ఫంక్షన్‌తో ఆ మ్యాటర్ దాచిన కాలమ్ చూడండి. 3ఎఫ్ 3ఎఫ్ (ప్రశ్నార్థకం బైటు) అని వచ్చిందా, పోయినట్టే, బ్యాకప్ వెతుక్కోండి. ఈ0బీ0 అని వస్తే ప్రాణం ఉంది, సైటుకీ డేటాబేస్‌కీ మధ్య కనెక్షన్ ఛార్‌సెట్ సరిచేస్తే చాలు. టేబుల్‌కీ కనెక్షన్‌కీ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లోని పాత యూటీఎఫ్8 మూడు బైట్లదే. తెలుగు పడుతుంది గానీ, పాఠకుడు చివర్లో పెట్టిన నాలుగు బైట్ల ఎమోజీ పట్టదు.

నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం ఒక్కటే, అదీ వాక్యం చివర కనిపిస్తే ఎవరో బైట్లు లెక్కపెట్టి కోశారన్నమాట. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం, లోపల నాలుగు కోడ్‌లు, పన్నెండు బైట్లు. పీహెచ్‌పీ భాషలో మ్యాటర్‌ని ముక్క కోసే సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ (substr) వాటి మధ్యలో కోసేస్తుంది. బైట్లు కాక కోడ్‌లు లెక్కపెట్టే ఎంబీ రకం (mb_substr) వాడితే డైమండ్ రాదు, కానీ 'శ్' దగ్గర తెగే అవకాశం ఉంది. నేనైతే దగ్గర్లో ఉన్న స్పేస్ దగ్గరే కోస్తాను.

ఉత్త డబ్బాలు వస్తే ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదని. నోటో సాన్స్ తెలుగు లాంటి వెబ్‌ఫాంట్ జోడించండి.

ప్రెస్ నుంచి పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ వస్తే పై వైద్యాలేవీ పనికిరావు. అది అన్ని భాషల ఉమ్మడి కోడ్‌ల పట్టిక అయిన యూనికోడ్ కానే కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయండి, తర్వాత వత్తులు ఒక్కొక్కటీ మనిషి చేత చదివించండి.