ఇంటి అప్పు ముందే తీర్చుకుందాం – 4వ పాఠం: మిగిల్చిన డబ్బు అసలులోకి చేరాలి

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చేశారా? లోన్ స్టేట్‌మెంట్ తీసి, మిగిలి ఉన్న అసలును వడ్డీ రేటుతో హెచ్చవేసి 1200తో భాగించమన్నాను. వచ్చింది ఆ నెల వడ్డీ. ఈఎంఐలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఆ నెల నిజంగా తీరిన అప్పు.

మొదటి పాఠం నుంచీ మనం వాడుతున్న ఉదాహరణ అప్పు 30 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, ఈఎంఐ 26,035 రూపాయలు. దీనికి మొదటి నెల వడ్డీ 21,250. అంటే జీతంలోంచి ఇరవై ఆరు వేలు పోయినా అప్పు తగ్గింది 4,785 రూపాయలే. మొదటి ఏడాది మొత్తం చూస్తే కట్టింది 3,12,000 పైన, అందులో అసలుకు చేరింది 60 వేలకు కాస్త తక్కువ. ఈ అంకెలు మొదటిసారి నా నోటుబుక్కులో వేసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకూ అలాగే ఉంటే కంగారు పడకండి. ఇంతకాలం లెక్క మనకు ఎదురు తిరిగి ఉంది, దాన్నే మనవైపు తిప్పుకోవడం ఈరోజు నేర్చుకుందాం.

ముందుగా కట్టే లక్షకు విలువ ఎంత

మొదటి ఏడాది చివర ఎక్కడిదో ఒక లక్ష రూపాయలు చేతికొచ్చాయనుకోండి. బోనస్ కావచ్చు, పాడుకున్న చీటీ కావచ్చు, అమ్మిన పాత బండి కావచ్చు. దాన్ని అసలుకు కట్టి, ఈఎంఐ మార్చకుండా అలాగే ఉంచితే ఇంకా 228 వాయిదాలు ఉండాల్సిన అప్పు 210 వాయిదాలకు వస్తుంది. 18 నెలలు ఎగిరిపోయాయి. ఆ 18 ఈఎంఐలు కలిపితే సుమారు 4,70,000. మనం కట్టిన లక్ష తీసేసినా దాదాపు 3,70,000 వడ్డీ తప్పింది.

అదే లక్ష పదిహేనో ఏడు చివర కడితే? ఆరు నెలలు కూడా తగ్గదు. తప్పే వడ్డీ యాభై వేల దగ్గర ఆగుతుంది. అప్పు పెద్దగా ఉన్నప్పుడే వడ్డీ ఎక్కువ పడుతుంది కాబట్టి తొలి ఏళ్లలో వేసిన రూపాయికి బలం ఎక్కువ. "కాస్త స్థిరపడ్డాక ముందే కట్టేద్దాం" అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూసుకోవాలి.

ఈఎంఐ తగ్గాలా, గడువు తగ్గాలా

ఈ పాఠం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. అసలుకు అదనంగా కట్టడాన్ని పార్ట్ పేమెంట్ అంటారు. కట్టాక బ్యాంకు రెండు పనుల్లో ఒకటి చేస్తుంది: గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తుంది, లేదా ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తుంది.

పైన చెప్పిన లక్షకు ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 885 రూపాయలు తగ్గుతుంది. పందొమ్మిదేళ్ల పాటు అలా తగ్గినదంతా కూడితే రెండు లక్షల చిల్లర, మన లక్ష పోను లాభం లక్ష పైచిలుకు. గడువు తగ్గించుకుంటే లాభం 3,70,000. డబ్బు అదే, కట్టిన రోజు అదే, అడిగిన మాట ఒక్కటే తేడా.

ఇది మేం దెబ్బతిని నేర్చుకున్నాం. రెండేళ్లు కూడబెట్టిన 80 వేలు మొదటిసారి కట్టినప్పుడు మావారు రసీదు తెచ్చుకుని సంతోషంగా ఇంటికొచ్చారు. ఐదు నెలల తర్వాత నేను పాస్‌బుక్ వేయించినప్పుడు చూస్తే ఈఎంఐ ఏడు వందల చిల్లర తగ్గి ఉంది. బ్యాంకుకు వెళ్లి అడిగాను.

"మేడమ్, మీరు ఏం కావాలో రాసివ్వలేదు కదా. సిస్టమ్‌లో అలా పడిపోయింది."

"ఇప్పుడు మార్చొచ్చా సార్?"

"రాసివ్వండి, చూస్తాం."

ఇంకో రెండు నెలలు తిరిగాక మారింది. ఈలోగా ఆ తగ్గిన ఏడు వందలు మా ఇంట్లో ఏ ఖర్చులో కలిశాయో ఈరోజుకీ చెప్పలేను. తగ్గిన ఈఎంఐతో వచ్చే ఇబ్బంది ఇదే. ఆ చిన్న మొత్తం మళ్లీ అప్పు దగ్గరికి రాదు, కూరగాయల్లో, ఆటోల్లో కరిగిపోతుంది.

ఉద్యోగం ఊగిసలాడుతున్నవాళ్లూ, ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినవాళ్లూ ఈఎంఐ తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్లకు నెల గడవడం ముందు. మిగతావాళ్లు మాత్రం గడువే తగ్గించుకోవాలని నా గట్టి మాట.

బ్యాంకులో ఇవ్వాల్సిన కాగితం ఇలా ఉంటే చాలు:

"నా గృహ రుణ ఖాతాలో ఈరోజు చెల్లించిన మొత్తాన్ని పార్ట్ పేమెంట్‌గా పూర్తిగా అసలుకు జమ చేయగలరు. ఈఎంఐలో మార్పు లేకుండా రుణ గడువును తగ్గించగలరు. సవరించిన వాయిదాల పట్టిక ఇప్పించగలరు."

దీని నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆన్‌లైన్‌లో కట్టేవాళ్లు ఇదే మాటను మెయిల్‌లో పంపండి. ఇంకో సంగతి. కొన్నిచోట్ల అదనంగా వేసిన డబ్బును పార్ట్ పేమెంట్ అని తీసుకోకుండా ముందస్తు ఈఎంఐగా పక్కన ఉంచుతారు. అలా పడితే వడ్డీ తగ్గదు. డబ్బు కట్టిన వారానికి స్టేట్‌మెంట్ తీసి, అసలు సరిగ్గా అంత మొత్తం తగ్గిందో లేదో చూడటం మీ పని.

జరిమానా పడుతుందేమోనని చాలామంది వెనకాడుతుంటారు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో రేటు మారుతూ ఉండే) గృహ రుణాల మీద ముందే తీర్చినందుకు బ్యాంకులు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు, అంటే రేటు మారని అప్పు అయితే అగ్రిమెంట్ చదవండి. కొన్ని సంస్థలు ఒకసారికి ఇంత కంటే తక్కువ కట్టకూడదని కనీస మొత్తం పెడతాయి, అది కూడా అడిగి రాసుకోండి.

ఇంట్లో మిగిలింది అప్పు దాకా ఎలా చేరుతుంది

లక్షలు అందరి చేతికీ రావు. అందుకే మనం పెట్టుకునే లక్ష్యం చిన్నది: ఏడాదికి ఒక ఈఎంఐ అదనం. నెలకు 2,170 రూపాయలు. ఇంతే చేసినా మన ఉదాహరణ అప్పు 20 ఏళ్లకు బదులు 16 ఏళ్ల 8 నెలల్లో తీరుతుంది. ఆరు లక్షలకు పైగా వడ్డీ తప్పుతుంది.

2,170 ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇంట్లో వచ్చిన దారి చెబుతాను. నెలకు నాలుగు ఆదివారాలు బయటి బిర్యానీ తెప్పించుకునేవాళ్లం, ఒక్కోసారి 700. రెండు ఆదివారాలు ఇంట్లో వండుకోవడం మొదలుపెట్టాం, 1,400. కేబుల్, ఓటీటీ రెండూ ఉండేవి. ఒకటి తీసేశాం, 350. కూరగాయలు యాప్‌లో తెప్పించడం మానేసి వారానికోసారి రైతు బజారుకు వెళ్తే 400 తగ్గింది. కరెంటు బిల్లులో 250. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మీటరు మీద ఒక కన్నేసి ఉంచండి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటగానే దాటిన యూనిట్లకే కాదు, మొదటి 200 యూనిట్లకూ రేటు పెరుగుతుంది. నాలుగు యూనిట్ల గీజరు బిల్లునే మార్చేస్తుంది. అన్నీ కలిపి 2,400.

ఇక్కడిదాకా ఎవరైనా చేయగలరు. మేం కూడా చేశాం. ఎనిమిది నెలలు ఇలా పొదుపుగా ఉండి, చూస్తే ఖాతాలో ఏమీ లేదు! పిల్ల అడిగిన బిర్యానీ వద్దన్నాం, పాత మిక్సీయే బాగుచేయించుకున్నాం, అయినా రూపాయి కూడబెట్టలేదు. ఎందుకంటే ఖర్చు పెట్టని డబ్బు జీతం ఖాతాలోనే పడి ఉంది. అక్కడున్న డబ్బుకు ఎవరి పేరూ ఉండదు, ఏదో పెళ్లికి పెట్టుబడి చీరగా మారిపోతుంది.

అప్పుడు పెట్టుకున్న పద్ధతే మీకు నేర్పాలనుకుంటున్నది. ఖర్చు మానుకున్న రోజే ఆ డబ్బు ఇల్లు దాటాలి. బిర్యానీ తెప్పించని ఆదివారం రాత్రి భోజనాలయ్యాక 700 రూపాయలు వేరే సేవింగ్స్ ఖాతాకు పంపేస్తాం. ఆ ఖాతాకు డెబిట్ కార్డు లేదు, ఫోన్‌లో యూపీఐ కలపలేదు. కరెంటు బిల్లు తగ్గి వస్తే తగ్గినంతా అదే రోజు అటు పోతుంది. పంపిన మొత్తం, తేదీ, ఏది మానుకున్నామో మా పాప ఒక నోటుబుక్కులో రాస్తుంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. మూడు నెలలకోసారి ఆ ఖాతాలో ఉన్నది అసలుకు కట్టి, తగ్గిన నెలల సంఖ్య కూడా దానిచేతే రాయిస్తాం. వద్దన్న బిర్యానీ ఎక్కడికి పోయిందో పిల్లకు కనబడాలి. కనబడకపోతే పొదుపు వాళ్లకు శిక్షలా తోస్తుంది, అది నాకు ఇష్టం లేదు.

ఏడాది సరుకుల గురించి కూడా ఒక మాట. సంక్రాంతి దాటాక కొత్త కందులు, మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు, ఎండుమిరప వస్తాయి. మా అత్తయ్య ఈ మూడూ అప్పుడే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి డబ్బాలకెత్తేవారు. నేనూ అదే చేస్తున్నాను. మే నెలలో ఆవకాయ సరేసరి. నెలనెలా ప్యాకెట్లు కొనడం కంటే ఇది కచ్చితంగా చవక. అయితే ఒకేసారి చేతిలోంచి పెద్ద మొత్తం పోతుంది, జూన్‌లో స్కూలు ఫీజులు మీద పడతాయి. అందుకని మార్చి నుంచి జూన్ దాకా పార్ట్ పేమెంట్ పెట్టుకోకండి. మేం మూడు నెలలకోసారి కట్టేదాన్ని ఏప్రిల్‌లో మాత్రం వదిలేసి జూలై, అక్టోబర్, జనవరి నెలల్లో కడతాం.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. పిల్లల పాలు, పండ్లు. పెద్దవాళ్ల మందులు. ఆరోగ్య బీమా, టర్మ్ బీమా ప్రీమియంలు. ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతం. ఆమె జీతం కోసి మన ఇంటి అప్పు తీర్చుకోవడం నాకు ఎప్పటికీ సమ్మతం కాదు. ఆర్నెల్ల ఈఎంఐ, మన ఉదాహరణలో 1,56,000 చిల్లర, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాకే పార్ట్ పేమెంట్ మొదలుపెట్టండి. బ్యాంకుకు ఒకసారి కట్టిన డబ్బు అర్ధరాత్రి ఆస్పత్రిలో వెనక్కి రాదు. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాళ్లు ఇంటి అప్పు జోలికి రాకుండా ముందు దాన్ని తీర్చాలి. దాని వడ్డీ ఇంటి అప్పు వడ్డీకి నాలుగింతలు ఉంటుంది.

పన్ను మినహాయింపు పోతుంది కదా?

ఈ ప్రశ్న ప్రతి పాఠం తర్వాతా వస్తోంది. సొంతంగా ఉంటున్న ఇంటికి పాత పన్ను విధానంలో వడ్డీ మీద ఏడాదికి గరిష్ఠంగా 2 లక్షల మినహాయింపు ఉంది. మన ఉదాహరణలో మొదటి ఏడు వడ్డీయే 2,52,000 దాటింది. ఆ పైన 52 వేలకు మినహాయింపు లేనే లేదు. కొత్త విధానంలోకి మారినవాళ్లకు సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద అసలు మినహాయింపే లేదు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకైనా వంద రూపాయల వడ్డీ కడితే తప్పే పన్ను ముప్పై చిల్లర. మిగతా అరవై తొమ్మిది మన జేబులోంచే పోతుంది.

రేటు మారినప్పుడల్లా స్టేట్‌మెంట్ చూడటం మరవకండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది, దానితోపాటే ఫ్లోటింగ్ గృహ రుణాల వడ్డీ కూడా ఎక్కింది. చాలా ఇళ్లలో ఈఎంఐ మారలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వెనకాల గడువు మాత్రం ఏళ్ల తరబడి సాగింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అడిగి తీసుకోవాల్సింది మనమే.

ఈ వారం పని

ఒకటి, మీ లోన్ స్టేట్‌మెంట్‌లో ఇంకా ఎన్ని వాయిదాలు ఉన్నాయో చూసి, అప్పు తీసుకున్న రోజున ఇచ్చిన పట్టికతో పోల్చండి. తేడా వస్తే కారణం రాయండి.

రెండు, కార్డు, యూపీఐ లేని ఒక సేవింగ్స్ ఖాతా సిద్ధం చేసుకోండి. కొత్తది తెరవనక్కర్లేదు, పాత ఉద్యోగం తాలూకు ఖాతా వాడకుండా పడి ఉంటే అది చాలు.

మూడు, ఈ ఏడు రోజుల్లో మానుకున్న ఒక్క ఖర్చును, అది నలభై రూపాయల ఆటో అయినా సరే, ఆ రోజే అందులోకి పంపండి.

ఐదో పాఠంలో జీతం పెరిగినప్పుడల్లా ఈఎంఐని ఏడాదికి 5 శాతం పెంచుకుంటూ పోయే పద్ధతి చూద్దాం. అలా చేస్తే ఇదే 30 లక్షల అప్పు 12 ఏళ్ల 3 నెలల్లో తీరుతుంది. ఆ లెక్క చేయడానికి మీకు ఈ మూడేళ్లలో పెరిగిన జీతం ఎంతో కావాలి. పాత పే స్లిప్పులు వెతికి దగ్గర పెట్టుకోండి.