బంతి లెక్క, నాలుగవ పాఠం: భోజనశాల తలుపు ఎప్పుడు తీయాలి

మూడవ పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. మగపెళ్ళివారు ఇస్తున్న రిసెప్షన్ విందు. అతిథులు 600 మంది, భోజనశాలలో కుర్చీలు 160, శుభలేఖలో వేసిన వేళ సాయంత్రం 7 గంటలు, హాలు ఖాళీ చేయవలసిన వేళ రాత్రి 11 గంటలు. ఎన్ని బంతులు, అంటే ఒక్కసారి కలిసి కూర్చుని తినే విడతలు, వేయాలో, ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలో రాయమన్నాను. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకే దారిన నడిచాయి. 600ను 160తో భాగించి నాలుగు బంతులన్నారు, బంతికి 40 నిమిషాల చొప్పున 2 గంటల 40 నిమిషాలన్నారు, 7 గంటలకు మొదటి ఆకు వేసి 9.40కి అందరి చేతా చేతులు కడిగించారు. భాగహారంలో తప్పు లేదు. ఏడు గంటలకు ఆ శాలలో కూర్చోవడానికి మనుషులే ఉండరు.

ఈ పొరపాటులో నా వాటా కూడా ఉంది. అతిథుల సంఖ్యను కుర్చీల సంఖ్యతో భాగించండి అని రాసి అక్కడితో ఆపాను. అందువల్ల ఈసారి చెప్పదలచుకున్న వేదిక ముందు సోఫాల సంగతిని వాయిదా వేసి, పాత లెక్కనే మళ్ళీ ముందు వేసుకుంటున్నాను. శాలను కొలవడం, బల్లలు పరచడం రెండవ పాఠంలో అయిపోయాయి కనుక మళ్ళీ చెప్పను. వరుసకు 20 కుర్చీలు, మొత్తం 8 వరుసలు, రెండేసి వరుసలు ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో వడ్డన దారి, వీపుల వైపు అతిథులు నడిచే సందు అన్న పటం మీ దగ్గర ఉన్నట్టే భావిస్తాను.

ముందుగా 160 అన్న అంకెను సవరించుకోండి. నలుగురున్న కుటుంబం వచ్చేసరికి వరుసలో మూడే కుర్చీలు మిగిలి ఉంటే, వారు నలుగురూ పక్క వరుసకు వెళతారు తప్ప ఒకరిని విడిచిపెట్టి కూర్చోరు. ఇలా వరుసకు ఒకటి రెండు కుర్చీలు వృథా అవుతాయి. కాబట్టి 160 కుర్చీల శాలను 150 మంది శాలగానే లెక్కపెట్టాలి. ఆపైన ఈ 600 మందీ అతిథులే. విందు ఇస్తున్న ఇంటివారు 30 మంది దాకా ఉంటారు, ఫొటోగ్రాఫర్లు, సన్నాయి మేళంవారు, డ్రైవర్లు కలిపి మరో 25 మంది. ఒక్క జవాబులో కూడా వీరికి ఆకు వేయలేదు. రాత్రి పదకొండు గంటలకు డ్రైవరును ‘తిన్నావా బాబూ’ అని అడిగి, వంటవాళ్ళు గిన్నెలు కడిగేశారని తెలిసి నాలుక కరుచుకున్న గృహస్థులను నేను చూశాను. నాలుగు బంతుల తరువాత ఇంటివారి బంతి ఒకటి ఉంటుందని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఒకరిద్దరు కుర్చీకొక పేరు రాసి పంపారు. శ్రమను మెచ్చుకుంటాను గాని ఆ పద్ధతి మనకు నప్పదు. మన శుభలేఖ ‘సకుటుంబ సపరివార సమేతంగా’ రమ్మని పిలుస్తుంది, ఆ ఇంటి నుంచి ఎందరు బయలుదేరుతారో ఆ సాయంత్రం దాకా ఆ ఇంటివారికే తెలియదు. అమెరికాలో మన కుటుంబాలు జరిపే రిసెప్షన్లలో వచ్చేదీ రానిదీ ముందే తెలుసుకొని, గుండ్రటి బల్లలకు అంకెలు వేసి, ద్వారం దగ్గర జాబితా పెడతారు, అక్కడ అది చక్కగా సాగుతుంది. తెనాలిలోనో ఖమ్మంలోనో కల్యాణమండపంలో మీరు పేరు రాసిన చీటీ మీద మరొకరు నిశ్చింతగా కూర్చుని పప్పు కలుపుకుంటూ ఉంటారు, వారిని లేపడం ఎవరి తరమూ కాదు. సంఖ్య కోసం నా అడ్డదారి ఒకటి చెబుతాను: సొంత ఊరి శుభలేఖకు నలుగురు, పొరుగూరి బంధువుల శుభలేఖకు ముగ్గురు, ఆఫీసు శుభలేఖకు ఒక్కరు. ఆఫీసువారు కుటుంబాలను ఇంట్లో ఉంచి, నలుగురైదుగురు ఒకే కారులో వచ్చి, మర్నాటి డ్యూటీ గురించి మాట్లాడుకుంటూ తొందరగా వెళ్ళిపోతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రిసెప్షన్‌లో భోజనశాలకు మనుషులను పంపేది ప్రధాన ద్వారం కాదు, వేదిక. అతిథి వచ్చి, వరుసలో నిలబడి, జంట మీద అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి, అవతలి మెట్ల మీదుగా దిగి భోజనానికి నడుస్తాడు. ఒక కుటుంబానికి అర నిమిషం పడుతుందనుకుందాం. ముగ్గురేసి చొప్పున నిమిషానికి రెండు కుటుంబాలు, అంటే ఆరుగురు, వేదిక దిగుతారు. 600 మంది దిగడానికి 100 నిమిషాలు కావాలి. శుభలేఖలో ఏడు గంటలని ఉన్నా 7.45కు ముందు వేదికనెక్కిన జంటను నేను ఇంతవరకు చూడలేదు. అంటే ఆ వరుస 9.25 దాకా సాగుతుంది.

ఇప్పుడు శాల తలుపులు తెరిచే ఉంచామనుకోండి. నిమిషానికి ఆరుగురు లోపలికి వస్తే 8.12 ప్రాంతంలో 160 కుర్చీలూ నిండిపోతాయి. తిని లేవడానికి, బల్ల తుడిచి కొత్త ఆకు వేయడానికి కలిపి మనిషికి 35 నిమిషాలు వేసుకున్నా, నిమిషానికి నాలుగున్నర కుర్చీలకు మించి ఖాళీ కావు. వచ్చేవారు ఆరుగురు, లేచేవారు నాలుగున్నర. నిమిషానికి ఒకటిన్నర మనిషి మిగిలిపోతాడు. తొమ్మిదింబావు అయ్యేసరికి ఇలా మిగిలినవారు ఇంచుమించు వంద మంది అవుతారు. వారంతా ఎక్కడ ఉంటారు? వీపుల వైపు సందులో, తింటున్నవారి కుర్చీల వెనక ఉంటారు.

కుర్చీ వెనక నిలబడటాన్ని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. విసుగు పుడితే క్షమించండి, నాకు దీనంత విసుగు పుట్టించే దృశ్యం పెళ్ళిళ్ళలో మరొకటి లేదు. మా మేనకోడలి రిసెప్షన్‌లో మా పెదనాన్నగారు మూడవ వరుసలో కూర్చున్నారు. సాంబారు అయింది, పెరుగు కోసం చూస్తున్నారు. ఆయన కుర్చీ వీపుకు ఎవరిదో హ్యాండ్‌బ్యాగు తగిలించి ఉంది, ఆ పక్కనే ఒక చిన్నపిల్లవాడు కుర్చీ చువ్వ పట్టుకొని ఊగుతున్నాడు, వాడి తల్లి ‘తాతగారు లేస్తారురా, ఒక్క నిమిషం’ అని వాడిని బుజ్జగిస్తోంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పెరుగు బకెట్టు రెండు కుర్చీల అవతలికి వచ్చి ఉండగా ఆకు మడిచి లేచిపోయారు. ఎనభై ఏళ్ళ మనిషి పెరుగన్నం తినకుండా లేచాడన్న సంగతి పెళ్ళికొడుకు తండ్రికి ఈనాటికీ తెలియదు. ఆ తల్లిది తప్పని నేను అనను. ఆమె పిల్లవాడికి ఆకలి వేస్తోంది, లోపలికి రావడానికి తలుపు తీసి ఉంది, కూర్చోవడానికి చోటు లేదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకొనే అలవాటు ఉన్నవారికి మనమే మరొక బస్సు తెచ్చి నిలబెట్టాం.

దీనికి మందు తలుపు దగ్గరే ఉంది. శాలకు లోపలికి వెళ్ళే తలుపు వేరు, బయటికి వచ్చే తలుపు వేరు ఉండాలి. చేతులు కడుక్కొనే చోటు రెండవ తలుపు దాటిన తరువాతే ఉండాలి. మొదటి తలుపు బంతికి ఒక్కసారే తీయాలి, అది కూడా అన్ని వరుసల్లో ఆకులు వేసి, నీళ్ళ సీసాలు పెట్టి, ఉప్పు, పచ్చడి, కూర వడ్డించిన తరువాతే. నిండటం తలుపు దగ్గరి వరుస నుంచి కాక దూరపు వరుస నుంచి మొదలు కావాలి, లేకపోతే వెనక వచ్చేవారు ముందు కూర్చున్నవారిని రాసుకుంటూ నడవవలసి వస్తుంది. చివరి కుర్చీ నిండగానే తలుపు మూయాలి. కాలో నడుమో సహకరించని పెద్దలకు మాత్రం ప్రతి వరుసలో సందు చివరి కుర్చీని ఆపి ఉంచండి. కిళ్ళీ, ఐస్‌క్రీమ్ బయటి తలుపు అవతల పెట్టండి. అవి ఆకు దగ్గరికే వస్తే మనిషి మరో అయిదు నిమిషాలు కుర్చీలోనే ఉంటాడు, బయట ఉన్నాయంటే తనంతట తానే లేస్తాడు.

తలుపు దగ్గర ఎవరిని నిలబెట్టాలన్నది కుర్చీల పటమంత ముఖ్యమైన ప్రశ్న. సూటు వేసుకున్న ఈవెంటు కుర్రవాడు ‘వెయిట్ చేయండి సార్’ అంటే వియ్యాలవారి తరఫు పెద్దమనిషి ఆ మాటను ఇరవై ఏళ్ళు గుర్తుంచుకుంటాడు. అదే మాటను పెళ్ళికొడుకు మేనత్త ‘అన్నయ్యా, మీకని ఆకు వేయిస్తున్నాను, అయిదు నిమిషాలు అలా కూర్చోండి, మజ్జిగ పంపిస్తాను’ అంటే ఆయన సంతోషంగా కూర్చుంటాడు. వరస కలిపి పిలవగలిగినవారే అక్కడ ఉండాలి. నేనైతే మగవారికంటె మేనత్తలనే ఎంచుకుంటాను, వారితో తగువు పెట్టుకొనే ధైర్యం ఎవరికీ ఉండదు. తలుపు బయట కనీసం 60 కుర్చీలు వేయించండి.

తలుపు మూసినంత మాత్రాన లెక్క కుదరదు. వేదిక దిగినవారు 150 మంది అయ్యేదాకా ఆగితే మొదటి బంతి 8.10కి పడుతుంది, తరువాతివి 8.50కి, 9.30కి, 10.10కి. ఇంటివారి బంతికి హాలు తాళాలవాడు వచ్చి నిలబడతాడు. కాబట్టి ఒక బంతిని వేదికతో పని లేకుండా ముందే లేపాలి. ఇందుకు అతిథులను రెండు రాశులుగా చూడండి. కొందరి వేళ మన చేతిలో ఉంటుంది: విడిదిలో దిగిన బంధువులు 60 మంది, ఊరి నుంచి మనం పంపిన బస్సులో వచ్చేవారు 50 మంది, ‘పెందరాళే వచ్చేయండి, భోజనం పెట్టించేస్తాం’ అని ఫోనులో చెప్పగల పెద్దలూ పిల్లలతల్లులూ 40 మంది. మిగిలిన 450 మంది వేళ వారి చేతిలోనే ఉంటుంది. మొదటి 150 మందికి 7.30కే తలుపు తీయండి. వారు 8 గంటలకు తిని లేచి, తీరిగ్గా వేదికనెక్కుతారు, ఊరి బస్సు తొమ్మిదికి కదులుతుంది. ఆపైన 8.10, 8.50, 9.30 బంతుల్లో మిగిలినవారు సర్దుకుంటారు, 10.10కి ఇంటివారు, జంట, పనివారు కూర్చుంటారు. ఎవరూ ముప్పావుగంటకు మించి ఎదురుచూడరు.

ఇందులో ఒక మర్యాద సంగతి ఉంది. ఇది మగపెళ్ళివారి విందు కనుక ఆడపెళ్ళివారే అతిథులు, మొదటి బంతిలో దూరపు వరుస వారిది. విడిదివారితో నింపేసి వారిని 9.30 బంతికి నెట్టిన జవాబులు మూడు వచ్చాయి. అలా నెట్టిన తరువాత ఆకులో ఎన్ని రకాలు వేసినా ప్రయోజనం ఉండదు. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే’ అన్న సామెత మనవాళ్ళకు వర్తిస్తుంది, వియ్యాలవారికి వర్తించదు.

మాటలు లేని రెండు ఇళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలని చాలామంది అడిగారు. వీలైతే వేర్వేరు బంతుల్లో. వీలు కాకపోతే శాలకు ఆ మూల ఒకరిని, ఈ మూల ఒకరిని పెట్టకండి, ఎదురెదురు వరుసల్లో ఉంటే ఎంత దూరమైనా చూపులు కలుస్తూనే ఉంటాయి. వీపుల వైపు ఆనుకొని ఉన్న రెండు వరుసల్లో కూర్చోబెట్టండి. మూడడుగుల దూరంలో ఉండి కూడా భోజనం అయ్యేదాకా ఒకరి ముఖం ఒకరు చూడనక్కర ఉండదు.

మాంసాహారం ఉన్న విందుల్లో శాకాహార వరుసలు రెండు విడిగా, వేరే వడ్డనవారితో ఉండాలి. ఆ వరుసల దగ్గర ‘శాకాహారం’ అన్న పలక తప్ప మరే గుర్తూ వద్దు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వారే ఎంచుకోవాలి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరా దంపతులు పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు జరిపితే అది ఆనాడు పెద్ద సాహసం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చన్నది కులాన్ని బట్టి తేల్చిన రోజులవి. మీ పటంలో ఒక వరుసకు కులం పేరు రాసి పంపిన ఒకరికి నేను జవాబు రాయలేదు, ఇదే జవాబు.

బఫేకు ఎలా సర్దాలని అడగకండి. పళ్ళెం చేత పట్టుకొని పెరుగన్నం తినే విద్య నాకు రాదు, అందులో సర్దడానికి కుర్చీలూ ఉండవు.

అభ్యాసం చెప్పడం మరిచేవాడిని. అతిథులు 720 మంది, కుర్చీలు 120, వేదిక ఒకటే, వేళ 6.30, హాలు 10.30కి ఖాళీ చేయాలి. రెండు ఊళ్ళ నుంచి రెండు బస్సులు, ఒక్కొక్కదానిలో 50 మంది, రెండూ 8.45కే తిరిగి బయలుదేరాలి. పెళ్ళికొడుకు బాబాయిలు ఇద్దరికీ మాటలు లేవు, ఇద్దరూ ఇంటివారే కనుక ఒకే బంతిలో తినాలి. జంట వేదిక మీదికి 40 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అదే రోజు ఉదయం పెళ్ళికొడుకు ఇంట్లో సత్యనారాయణ వ్రతం, మధ్యాహ్నం అక్కడ భోజనాలు ఉన్నాయి. రాత్రి లెక్క ఒక్కటే వేస్తే ఇది పడదు. ఎక్కడ పడటం లేదో ముందు కనుక్కొని, తరువాత పడేటట్టు చేయండి. ఎవరికి ఏ రోజున ఫోను చేసి ఏ మాట చెబుతారో ఆ మాటలతో సహా రాయండి. పటం పెన్సిలుతో గీయండి. కుర్చీలు ఎంత అందంగా గీసినా, పక్కన తలుపు తీసే వేళలు లేని జవాబును ఈసారి నేను చూడను.