ప్లాట్ టెస్టులో బొమ్మ కలవడం లేదా? టాలరెన్స్ పెంచే ముందు ఇది చూడండి

మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) మీద కట్టిన లైబ్రరీలో బొమ్మల పోలిక టెస్టు, అంటే కోడ్ గీసిన బొమ్మను ముందే దాచిన బొమ్మతో పోల్చే టెస్టు, ఫెయిలయితే చాలామంది చేసే మొదటి పని టాలరెన్స్ (ఎంత తేడా వరకు ఫర్వాలేదన్న హద్దు) పెంచడం. అది పని చేయకపోతే బేస్‌లైన్ బొమ్మను (అంటే ఆ దాచిన బొమ్మను) తమ ల్యాప్‌టాప్‌లో మళ్లీ తయారు చేసి కమిట్ చేసేస్తారు. టెస్టు పాసవుతుంది, కానీ ఆ రోజు నుంచి ఆ టెస్టు ఉండీ లేనట్టే. ఇలాంటి పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పుల ప్రతిపాదనలు) ఎన్ని చూశానో లెక్క లేదు, వాటిలో తేడా బొమ్మ తెరిచి చూసి పంపినవి చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. పైటెస్ట్ నడపడం, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు: మూడు బొమ్మలు తెరవండి

మ్యాట్‌ప్లాట్‌లిబ్ సొంత టెస్టులు నడిపితే, మీరు పైటెస్ట్ నడిపిన ఫోల్డర్‌లోనే రిజల్ట్_ఇమేజెస్ అనే ఫోల్డర్ వస్తుంది. ఫెయిలైన ప్రతి టెస్టుకూ అందులో మూడు ఫైళ్లు ఉంటాయి: ఇప్పుడు గీసింది, రావాల్సింది (పేరు చివర ఎక్స్‌పెక్టెడ్ అని ఉంటుంది), రెండిటి తేడా (చివర ఫెయిల్డ్-డిఫ్ అని ఉంటుంది). మీ లైబ్రరీలో బొమ్మలు పోల్చే పైటెస్ట్-ఎంపీఎల్ ప్లగిన్ వాడుతుంటే, సమ్మరీని హెచ్‌టీఎంఎల్‌గా ఇమ్మని అడిగితే మూడూ ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తాయి.

తేడా బొమ్మను చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ప్రతి పిక్సెల్ తేడానూ పది రెట్లు చేసి అందులో చూపిస్తారు. మామూలు కంటికి ఆననంత చిన్న తేడా కూడా అక్కడ మెరిసిపోతుంది, అది చూసి కంగారు పడకండి. మెరుపు ఎంత ఉందన్నది పక్కన పెట్టి ఎక్కడ ఉందో చూడండి: అక్షరాల చుట్టూనా, గీతల మీదా, బొమ్మ అంతటానా, ఒక మూలనా. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

టాలరెన్స్ ఎందుకు పెంచొద్దంటున్నానో లెక్క వేసి చూపిస్తాను. పోలికకు వాడేది ఆర్‌ఎంఎస్, అంటే ప్రతి పిక్సెల్ తేడానూ వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం తీస్తారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ బొమ్మ 640×480, మొత్తం 3,07,200 పిక్సెళ్లు. అందులో 10×10 పిక్సెళ్ల నల్ల చుక్క ఒకటి పూర్తిగా మాయమైందనుకోండి, అంటే మీ డేటాలో ఒక పాయింటే గీయలేదు. ఆర్‌ఎంఎస్ వచ్చేది దాదాపు 4.6. మీరు టాలరెన్స్ 5 పెట్టి ఉంటే ఆ టెస్టు పాసవుతుంది. ఏ తప్పును పట్టుకోవడానికి టెస్టు రాశారో ఆ తప్పే దర్జాగా దాటిపోతుంది.

"నా దగ్గర పాసవుతోంది, సీఐలో మాత్రం ఫెయిల్"

పైటెస్ట్-ఎంపీఎల్ వాడేవాళ్లు ముందు తాము టైప్ చేసిన కమాండ్ చూసుకోండి. హైఫన్ హైఫన్ ఎంపీఎల్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆ ప్లగిన్ మీ ఫంక్షన్‌ను నడుపుతుంది, బొమ్మ గీయిస్తుంది, కానీ దేనితోనూ పోల్చదు. ఎర్రర్ రాకపోతే చాలు, పాస్ అంటుంది. సీఐ (కోడ్ మారినప్పుడల్లా సర్వర్‌లో టెస్టులు నడిపే ఏర్పాటు) కాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ ఉంటుంది, మీ టెర్మినల్‌లో ఉండదు, అంతే తేడా. దాన్ని పైటెస్ట్ కాన్ఫిగ్ ఫైల్‌లో యాడ్‌ఆప్ట్స్ కింద శాశ్వతంగా పెట్టేయండి. రెండు నిమిషాల పని ఇది, దీనికోసం రోజంతా వెతికినవాళ్లు నాకు తెలుసు.

ఆప్షన్ ఇచ్చాక మీ దగ్గరా ఫెయిలయితే మిగతా భాగాల్లోకి వెళ్లండి. ఇచ్చినా మీ దగ్గర పాసై, సీఐలోనే ఫెయిలవుతుంటే, కారణం చాలావరకు కింద చెప్పేదే.

తేడా అక్షరాల చుట్టూ ఉంది, లేదా బొమ్మ మొత్తం జరిగిపోయింది: ఫ్రీటైప్

దీని గురించి తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది దీని దగ్గరే.

గీతలు, రంగులు, చుక్కలు గీసేది ఆగ్ అనే ఇంజన్, అది మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే ఉంటుంది. అక్షరాలను పిక్సెళ్లుగా మార్చేది మాత్రం ఫ్రీటైప్ అనే వేరే లైబ్రరీ. ఫ్రీటైప్ వెర్షన్ మారితే అదే ఫాంటు, అదే సైజు, అదే అక్షరం కూడా అంచుల దగ్గర కొంచెం వేరుగా వస్తుంది. ఈ గొడవ లేకుండా ఉండాలని మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్లు 2.6.1 అనే పాత వెర్షన్‌ను ఏళ్ల తరబడి తమతోనే కట్టి పంపుతూ వచ్చారు, బేస్‌లైన్ బొమ్మలన్నీ దానితో గీసినవే. పిప్‌తో వేసుకునే వీల్‌లో (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలో) వచ్చేది ఆ కట్టి పంపిన ఫ్రీటైపే. కొండా-ఫోర్జ్ (పిప్‌కు బదులు వాడే కొండా ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి వేసుకున్నా, లైనక్స్ డిస్ట్రో ప్యాకేజీ వేసుకున్నా మాత్రం, ఆ సిస్టమ్‌లో ఉన్న కొత్త ఫ్రీటైప్‌ను వాడుకునేలా బిల్డ్ చేసినది వస్తుంది. రెండిట్లోనూ మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్ నంబరు ఒకటే, పిప్ ఫ్రీజ్‌లో ఫ్రీటైప్ ఊసే ఉండదు, పైథాన్ కూడా ఒకటే, బొమ్మలు మాత్రం కలవవు.

తేడా అక్షరాల అంచుల్లోనే ఉంటే ఎవరైనా ఊహిస్తారు. అసలు మోసం ఇక్కడుంది. అక్షరం వెడల్పు ఒక పిక్సెల్ మారితే యాక్సిస్ లేబుల్ ఆక్రమించే చోటు మారుతుంది. మీరు టైట్ లేఅవుట్ గానీ కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ గానీ వాడి ఉంటే, లేబుళ్లకు చోటు వదిలి మిగిలినదాన్ని గ్రాఫ్‌కు ఇస్తుంది కాబట్టి గ్రాఫ్ పెట్టె సైజే మారుతుంది. అప్పుడు ప్రతి గీతా, ప్రతి చుక్కా, గ్రిడ్ అంతా కొంచెం జరుగుతుంది, తేడా బొమ్మలో మొత్తం మెరుస్తుంది. చూసేవాడికి "నా గీసే కోడే చెడిపోయింది" అనిపిస్తుంది, టెక్స్ట్ వైపు ఆలోచనే పోదు. ఇంకా, సేవ్ చేసేటప్పుడు బీబాక్స్_ఇంచెస్‌కు టైట్ అని ఇచ్చి ఉంటే బొమ్మ సైజే మారిపోయి, సైజులు కలవలేదన్న ఎర్రర్ వస్తుంది, అసలు పోలిక దాకా వెళ్లనే వెళ్లదు. మూడు వేర్వేరు లక్షణాలు, వెనక కారణం ఒకటే.

ఒక ప్రాజెక్టులో మాకు జరిగింది చెప్తాను. ఒకరి ల్యాప్‌టాప్‌లో కొండా, నా దగ్గర పిప్, సీఐలో పిప్. అతను ఒక మ్యాప్ ప్లాట్ మార్చి బేస్‌లైన్ తయారు చేసి పంపాడు, సీఐలో ఫెయిలైంది. నేను నా దగ్గర మళ్లీ తయారు చేసి పెట్టాను, పాసైంది. మర్నాడు అతనికి ఫెయిలైంది, మళ్లీ మార్చాడు. ఇలా అదే పది బొమ్మలు వారం రోజులు అటూ ఇటూ మారాయి. మేమిద్దరం ప్రొజెక్షన్ కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నాం, ఎందుకంటే కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ వల్ల తీరరేఖలన్నీ జరిగినట్టు కనిపించాయి. చివరికి ఆ మార్పులన్నిటి మధ్యలో, ఒక బొమ్మలో నిజంగానే కలర్ బార్ అంకెలు తప్పుగా ఉన్నాయి, దాన్ని మేం ఇద్దరం "ఇదీ అదే గొడవ" అనుకుని చూడకుండా ఒప్పేసుకున్నాం. రిలీజయ్యాక వాడేవాళ్లు చెప్తే తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చూసుకోవడం చాలా తేలిక. పైథాన్ తెరిచి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ఎఫ్‌టీ2ఫాంట్ మాడ్యూల్ ఇంపోర్ట్ చేయండి. అందులో ఫ్రీటైప్_వెర్షన్, ఫ్రీటైప్_బిల్డ్_టైప్ అని రెండు విలువలు ఉంటాయి, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో. బిల్డ్ టైప్ లోకల్ అని వస్తే కట్టి పంపినది, సిస్టమ్ అని వస్తే బయటిది. మీ దగ్గర ఒకసారి, సీఐలో ఒకసారి ప్రింట్ చేసి పోల్చండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సొంత టెస్టులైతే ఇది మొదట్లోనే చెప్తుంది కూడా: ఫ్రీటైప్ సరైన వెర్షన్ కాదు, బొమ్మల టెస్టులు చాలా ఫెయిలవుతాయి అని వార్నింగ్ ఇస్తుంది. వందల లైన్ల కింద వచ్చిన ఎర్రర్ చూసి పైన ఉన్న ఆ ఒక్క లైను వదిలేస్తారు. పైకి స్క్రోల్ చేయండి.

ఇక సరిచేయడం. టీమ్‌లో అందరూ, సీఐతో సహా, ఒకే చోటి నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ వేసుకోండి, వెర్షన్ పిన్ చేయండి. నేనైతే బొమ్మల టెస్టులకు విడిగా ఒక పిప్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమంటాను, మిగతా పనికి కొండా వాడుకున్నా ఫర్వాలేదు. బేస్‌లైన్లు ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ తయారు చేయకండి. సీఐలోనే తయారు చేయించి, ఆర్టిఫాక్ట్‌గా (సీఐ దాచి ఇచ్చే ఫైలుగా) దించుకుని కమిట్ చేయండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసేవాళ్లు సిస్టమ్-ఫ్రీటైప్ ఆప్షన్‌ను ట్రూ చేయకండి.

అక్షరాలతో పని లేని టెస్టులో రిమూవ్_టెక్స్ట్‌ను ట్రూ చేసేయండి, చాలా తలనొప్పి పోతుంది. కానీ అది టైటిళ్లను, టిక్‌ల పక్కన అంకెలను మాత్రమే తీసేస్తుంది. లెజెండ్‌లో రాత, మీరు కావాలని పెట్టిన యానొటేషన్లు అలాగే ఉంటాయి. "రిమూవ్ టెక్స్ట్ పెట్టాను, అయినా టెక్స్ట్ దగ్గరే తేడా" అని వచ్చేవాళ్లు ముందు లెజెండ్ చూడండి.

ఇంకా మంచిది, వీలైన చోట బేస్‌లైనే లేకుండా చేయడం. చెక్_ఫిగర్స్_ఈక్వల్ అనే డెకరేటర్ ఉంది: రెండు ఫిగర్లు ఇస్తుంది, ఒకదానిలో మీ కొత్త ఫంక్షన్‌తో, ఇంకోదానిలో తెలిసిన పాత పద్ధతిలో గీస్తారు, రెండూ అప్పటికప్పుడు అదే మెషీన్‌లో పోలుస్తారు. ఏ ఫ్రీటైప్ ఉన్నా రెండిటికీ ఒకటే కదా.

నడిపిన ప్రతిసారీ వేరేలా ఫెయిలవుతోంది

ఆ ఒక్క టెస్టునే విడిగా నడపండి. విడిగా పాసై, గుంపులో ఫెయిలయితే అంతకు ముందు నడిచిన టెస్టు ఏదో ఆర్‌సీపారమ్స్ (మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగులు) మార్చి వెనక్కి పెట్టలేదన్నమాట. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సొంత టెస్టుల్లో ప్రతి టెస్టుకూ సెట్టింగులు వెనక్కి పెట్టే ఫిక్స్చర్ ఉంటుంది, మీ లైబ్రరీలో అది మీరే పెట్టుకోవాలి, లేదా మార్పులన్నీ ఆర్‌సీ_కాంటెక్స్ట్ లోపల చేయాలి. విడిగా నడిపినా మారుతుంటే ర్యాండమ్ సీడ్ లేదు, లేదా టైటిల్‌లో ఇవాళ్టి తేదీ ఉంది, లేదా సెట్ మీద లూప్ తిప్పి గీస్తున్నారు కాబట్టి వరస మారుతోంది.

రంగులన్నీ పాతకాలంలా వచ్చాయి

2017 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్‌లో డిఫాల్ట్ రంగులు, ఫాంటు మారాయి. కానీ టెస్టు డెకరేటర్ మీరేమీ చెప్పకపోతే ఇప్పటికీ క్లాసిక్ స్టైల్‌లోనే గీస్తుంది, పైటెస్ట్-ఎంపీఎల్ కూడా అంతే. నోట్‌బుక్‌లో కొత్త విరిడిస్ రంగులు చూసి టెస్టులో పాత జెట్ రంగులు వచ్చాయని భయపడకండి. కొత్త టెస్టుకు స్టైల్ ఎంపీఎల్20 అని ఇవ్వండి.

కొత్త మ్యాక్‌లో మాత్రమే ఫెయిల్, ఆర్‌ఎంఎస్ 0.01 లాంటిది

వాటిలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్‌లో గుణకారం, కూడిక కలిపి ఒకే అడుగులో చేసే ఇన్‌స్ట్రక్షన్ వల్ల దశాంశాల చివర తేడా వస్తుంది, ఎక్కడో ఒక పిక్సెల్ మారుతుంది. టాలరెన్స్ పెంచడం నేను ఒప్పుకునేది ఇక్కడ ఒక్కచోటే. అదీ అందరికీ కాకుండా, మెషీన్ రకం ఎక్స్86_64 అయితే సున్నా, లేకపోతే ఆ చిన్న విలువ, అలా రాయండి.

తెలుగు లేబుళ్లు డబ్బాలుగా వస్తున్నాయి

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే డెజావు శాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు, "గ్లిఫ్ 3108 ఫాంటులో లేదు" లాంటి వార్నింగ్ వస్తుంది (3108 అంటే త). మీ సిస్టమ్‌లో తెలుగు ఫాంటు వేసి, ఫాంట్ ఫ్యామిలీ మార్చి వదిలేస్తే సీఐలో ఆ ఫాంటు ఉండదు, మళ్లీ డబ్బాలే. నోటో శాన్స్ తెలుగు ఫైలును రిపోలోనే పెట్టి, ఫాంట్ మేనేజర్ యాడ్‌ఫాంట్‌తో చేర్చండి. అప్పుడు కూడా వత్తులు, గుణింతాలు సరిగ్గా కూడాయో లేదో కంటితో చూశాకే దాన్ని బేస్‌లైన్ చేయండి, విడిపోయిన వత్తుతో ఉన్న బొమ్మను సరైనదని టెస్టులో పెట్టేస్తే తర్వాత ఎవరూ దాన్ని తప్పనుకోరు.

మిగతావి

పీడీఎఫ్, ఎస్‌వీజీ టెస్టులు స్కిప్ అవుతుంటే ఘోస్ట్‌స్క్రిప్ట్, ఇంక్‌స్కేప్ వేసుకోండి. బేస్‌లైన్ ఫైలే లేదంటే మీరు దాన్ని గిట్‌లో యాడ్ చేయడం మర్చిపోయారు, లేదా గిట్‌ఇగ్నోర్‌లో పీఎన్‌జీలన్నీ ఉన్నాయి. పాడైన టెస్టు క్యాష్ నాకు ఎదురైంది చాలా అరుదు, అనుమానముంటే ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ నడపండి.

బొమ్మ నిజంగానే మారాలి, మీరే ఆ మార్పు చేశారు అన్నప్పుడు ఆ ఒక్క టెస్టు బేస్‌లైనే మార్చండి, ఫోల్డర్ మొత్తం కాపీ చేయకండి. పాత బొమ్మా కొత్త బొమ్మా రెండూ పుల్ రిక్వెస్టులో పెట్టి, ఏం మారిందో ఒక వాక్యం రాయండి. నాలుగైదు సార్లు మార్చి ఉంటే మెర్జ్‌కు ముందు స్క్వాష్ చేయండి (కమిట్లన్నిటినీ ఒకటిగా కలపండి), ఎందుకంటే మధ్యలో కమిట్ చేసిన ప్రతి పీఎన్‌జీ గిట్ చరిత్రలో ఉండిపోతుంది, రిపోను క్లోన్ చేసుకునే ప్రతివాళ్లూ దాన్ని దించుకోవాల్సి వస్తుంది.