పాత మినీ కారును ఇంట్లో బాగుచేయడం: పని రేకుతో మొదలవ్వాలి

1959 ఆగస్టు 26న జనం ముందుకొచ్చిన మినీ, 2000 అక్టోబరు దాకా తయారవుతూనే ఉంది. 53 లక్షలకు పైగా బళ్లు బయటికొచ్చాయి. అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కింద ఆయిల్ సంపులోనే ఇమిడ్చి, పది అంగుళాల చక్రాల మీద నలుగురికి చోటు చేశారు. కార్బొరేటర్ కాలం నాటి బళ్లలో ఎలక్ట్రానిక్స్ దాదాపు ఉండవు, కొత్త విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇంతకంటే అనువైన పాత కారు అరుదు. అయినా సగంలో ఆగిపోయి, డబ్బాల్లో విడిభాగాలుగా మిగిలిపోయినవి చాలా ఉన్నాయి. సాధారణంగా తప్పు వరసలో జరుగుతుంది: ఇంజన్ మీద మోజుతో ముందు దాన్ని విప్పుతారు, రేకు సంగతి చివర్లో చూస్తారు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీ రేకే ఛాసిస్. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు రేకు గురించే.

విప్పేముందు

మినీ బోల్టులు అంగుళాల కొలతవి. 7/16, 1/2, 9/16 రెంచీలతో ముప్పాతిక పని నడుస్తుంది. 1/2 అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 రెంచీ పెడితే ముందు పట్టినట్టే ఉంటుంది, తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టగానే మూలలు అరిగి గుండ్రమవుతాయి. అంగుళాల సెట్టు లేకుండా పని మొదలుపెట్టకండి.

విప్పే ప్రతి భాగాన్నీ విప్పకముందే రెండు కోణాల్లో ఫొటో తీయండి. బోల్టులను ఒకే డబ్బాలో పోయవద్దు. ఏ భాగానివి ఆ భాగం పేరు రాసిన సంచిలో వేయండి. కొత్త భాగం వచ్చి బిగించేదాకా పాతది పారేయకండి, ఎంత పాడైనా సరే. బిగింపు రంధ్రాల దూరం, బ్రాకెట్ వంపు సరిచూసుకోవడానికి అదే ఆధారం.

బ్యాటరీ డిక్కీలో నేలకు దిగిన పెట్టెలో ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు డిక్కీలో ఎడమ పక్కన. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు రెండూ కారులో ఉండకూడదు. ట్యాంకు ఖాళీ చేస్తే చాలదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ఎక్కువ ప్రమాదం.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

చేతిలో మొండి స్క్రూడ్రైవర్, చిన్న అయస్కాంతం, టార్చి లైటు ఉంటే చాలు. అయస్కాంతం పట్టని చోట రంగు కింద మందంగా పుట్టీ ఉందని అర్థం. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కరకరమన్నా, లోపలికి దిగినా ఆ రేకు పోయినట్టే.

ముందు సిల్ చూడండి. తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు పెట్టె ఇది. బండి నడుము బలమంతా ఇందులోనే ఉంది. పాత సిల్ కుళ్లితే దాన్ని తీయకుండా పైనుంచి వెడల్పు రేకు కప్పి వెల్డింగ్ చేయడం చాలా బళ్లలో కనిపిస్తుంది. అసలు సిల్ సన్నంగా ఉండి, దాని పక్కన ఫ్లోరు అంచు విడిగా కనిపించాలి. కింద అంతా ఒకే వెడల్పు రేకుగా ఉంటే, కుళ్లిన భాగం లోపల అలాగే ఉందని అనుకోవాలి. ఆ కప్పు తీసేయక తప్పదు.

తర్వాత వెనక సీటు ముందు అంచు కింద నిలువుగా ఉండే హీల్‌బోర్డు. వెనక చక్రాలను మోసే విడి ఇనుప చట్రమైన వెనక సబ్‌ఫ్రేమ్ ముందు మౌంటింగులు దీనికే బిగుస్తాయి. ముందు చక్రం విసిరే బురద ముందు రెక్కల (చక్రాల మీది రేకుల) లోపల, హెడ్‌లైట్ల వెనక, తలుపుకూ రెక్కకూ మధ్య సన్నని ప్యానెల్ వెనక పేరుకుంటుంది. ముందు అద్దం కింద మూలలు, బ్యాటరీ పెట్టె అడుగు, వెనక చక్రాల ఆర్చీలు కూడా పొడిచి చూడాల్సినవే. కార్పెట్లు ఎత్తకుండా ఫ్లోరు బాగుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

చివరగా తలుపును సగం తెరిచి పైకి ఎత్తండి. కదిలేది కీలా, కీలు బిగించిన స్తంభమా అన్నది గమనించండి. కీలు మార్చడం గంట పని. స్తంభమే కదిలితే వారాల పని.

కోయడం, వెల్డింగ్

రెండు పక్కల సిల్‌లూ ఒకేసారి కోయకూడదు. ఒక పక్క పూర్తిగా కుట్టేశాకే రెండోది ముట్టుకోవాలి. కోసేముందు తలుపు సందులో ఇనుప పైపులు అడ్డంగా, ఐమూలగా వెల్డింగ్ చేసి బిగించండి. లేకపోతే బాడీ నడుము దగ్గర కుంగుతుంది, కొత్త సిల్ ఆ కుంగిన ఆకారంలోనే అతుక్కుపోతుంది, ఆ తర్వాత తలుపు ఎన్నటికీ సరిగ్గా పడదు. బండిని స్టాండ్ల మీద నిలిపేటప్పుడు బరువు సిల్ మీద పడకూడదు. సబ్‌ఫ్రేమ్‌ల కింద ఆనించి, నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో లెవెల్‌తో చూడండి. కొత్త సిల్‌ను ముందు క్లాంపులతోనే పట్టించి, తలుపు బిగించి, మూసి తెరిచి, సందు పైనుంచి కిందిదాకా సమానంగా ఉందో లేదో చూశాకే వెల్డింగ్ మొదలుపెట్టండి.

మినీ రేకు మందం దాదాపు 0.8 నుంచి 1 మి.మీ. మిగ్ వెల్డింగ్‌కు (తీగ దానంతటదే వస్తూ, గ్యాసు రక్షణలో జరిగే వెల్డింగ్) 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం వాడండి. పొడుగ్గా ఒకే గీత లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు దూరంలో వేసుకుంటూ, మధ్యలో చల్లారనిచ్చి ఖాళీలు నింపుతూ పోవాలి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు ఉన్న అంచుల్లో పై రేకుకు 5, 6 మి.మీ. రంధ్రాలు వేసి, వాటిని వెల్డుతో నింపండి. అతికే రెండు ముఖాలకూ ముందే జింక్ వెల్డింగ్ ప్రైమర్ పూయాలి, ఎందుకంటే అతుకయ్యాక మధ్యలోకి బ్రష్ వెళ్లదు. కుళ్లిన రేకు మీదే అతుకు వేస్తే వెల్డింగ్ నిలవదు, చిల్లు పెద్దదవుతుంది. మెరిసే మంచి రేకు కనిపించేదాకా వెనక్కి కోయండి.

హీల్‌బోర్డు, డిక్కీ ఫ్లోరు మార్చేటప్పుడు సబ్‌ఫ్రేమ్‌నే అచ్చుగా వాడండి. దాన్ని బోల్టులతో నిలిపి ఉంచి, రంధ్రాలు కుదిరాకే రేకు కుట్టండి. అవి కొన్ని మిల్లీమీటర్లు తప్పినా వెనక చక్రాలు వంకరగా నడుస్తాయి, టైర్లు ఒకవైపే అరుగుతాయి.

సబ్‌ఫ్రేమ్, సస్పెన్షన్

వెనక సబ్‌ఫ్రేమ్ కుళ్లడం మినీకి పుట్టుకతో వచ్చిన రోగం. చిల్లులు పడితే అతుకులు వేయకుండా కొత్తది పెట్టడమే మంచిది. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే రేడియస్ ఆర్మ్ బేరింగులకు గ్రీజు అందకపోతే పిన్ను అరిగి చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. బేరింగ్ కిట్ మార్చినప్పుడు బయటి కంచు బుష్‌ను లోపలి బేరింగ్‌తో వరసగా రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు చెక్కే పనిముట్టు) వేయించాలి. అది వర్క్‌షాపుకు పంపాల్సిన పని.

స్ప్రింగుల బదులు రబ్బరు కోన్‌లు ఉంటాయి. ముందు కోన్‌ను కుదించడానికి దానికోసమే చేసిన పనిముట్టు వాడాలి. మామూలు స్ప్రింగ్ కంప్రెసర్ పనికిరాదు, జారితే ఎముకలు విరుగుతాయి. 1964 తర్వాత కొన్నేళ్లు వచ్చిన హైడ్రోలాస్టిక్ బళ్లలో ఒత్తిడితో నింపిన ద్రవం ఉంటుంది. ఆ ఒత్తిడి దింపకుండా గొట్టాలు విప్పకండి. అన్నీ బిగించాక ముందు చక్రాలకు 1.6 మి.మీ. టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తెరుచుకోవడం), వెనక చక్రాలకు 3.2 మి.మీ. టో ఇన్ (ముందు అంచులు లోపలికి తిరగడం) చూసుకోండి.

రంగు

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా నీళ్లతో రుద్దండి, మాస్కు పెట్టుకోండి. శుభ్రమైన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీదే పుట్టీ పెట్టాలి. పుట్టీ తేమను పీలుస్తుంది కాబట్టి వట్టి రేకు మీద పెడితే కింద తుప్పు మొదలై, కొన్నాళ్లకు రంగు బుడగలెత్తుతుంది. మందం 2, 3 మి.మీ. దాటకూడదు. అంతకంటే లోతుంటే ముందు సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) రేకు సరిచేయాలి. రుద్దడం 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 320, చివరి ప్రైమర్ మీద 600 నంబరు కాగితం. అతుకుల మీద నీళ్లు దిగకుండా ఆపే సీమ్ సీలర్ తప్పనిసరి.

హార్డెనర్ కలిపే టూకే రంగుల్లో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని ఆపలేదు. బయటి గాలి అందించే మాస్కు, వేరే గది లేకపోతే చివరి రంగు పెయింటర్‌కే ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రంగు ఆరాక సిల్‌ల లోపల, తలుపుల అడుగున తుప్పు ఆపే మైనమైన క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

బ్రేకులు

పాత షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండర్ సీళ్లు మొత్తం కొత్తవే వేయండి, ఇక్కడ పొదుపు వద్దు. ఇనుప పైపుల స్థానంలో రాగి-నికెల్ పైపులు వేస్తే తుప్పు బాధ ఉండదు. డ్రమ్ము వెనక పలక మీద చతురస్రపు తల ఉన్న అడ్జస్టర్ బిగుసుకుపోవడం మామూలే. దానికి సరిపోయే బ్రేక్ స్పానర్‌తోనే తిప్పండి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె వేసి, వేడి చేసి, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పాలి. ముందు చక్రాలకు రెండు లీడింగ్ షూలున్న (చక్రం తిరిగే బలానికి డ్రమ్మును మరింత గట్టిగా పట్టే షూలు) బళ్లలో ఒక్కో చక్రానికి రెండు అడ్జస్టర్లు ఉంటాయి. ఒకటి మరిస్తే బండి బ్రేకు వేసినప్పుడు పక్కకు లాగుతుంది. ద్రవం డాట్ 4, కొత్త సీసా. తెరిచి నిల్వ ఉంచినది తేమ పీల్చి ఉంటుంది.

ఇంజన్

విప్పాలా వద్దా అన్నది కొలిచి తేల్చండి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. వేడెక్కిన ఇంజన్‌కు ఆయిల్ ఒత్తిడి నడకలో 60 పీఎస్ఐ దగ్గర, ఐడిల్‌లో కనీసం 15 ఉంటే కింది బేరింగులను కదిలించకండి.

హెడ్ తీస్తే, హెడ్‌కూ వాటర్ పంపుకూ మధ్య ఉన్న పొట్టి బైపాస్ గొట్టం కూడా అప్పుడే మార్చండి. హెడ్ బిగించి ఉన్నప్పుడు దాన్ని ఎక్కించడం నరకం. 998 సీసీ ఇంజన్‌కు హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. టప్పెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ. దీనికి తొమ్మిది లెక్క ఉంది: రేడియేటర్ వైపు నుంచి వాల్వులను 1 నుంచి 8 దాకా లెక్కపెట్టండి. 8వది పూర్తిగా కిందికి దిగినప్పుడు 1వది, 6వది దిగినప్పుడు 3వది సర్దాలి, రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ప్లగ్గు గ్యాప్ 0.64 మి.మీ., డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ఫైరింగ్ వరస 1-3-4-2, రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది.

క్లచ్ పని ఉంటే ఒక జాగ్రత్త. ఫ్లైవీల్ లాగే ముందు క్రాంక్ చివరి గాడి నేలకు సమాంతరంగా ఉండాలి. నిలువుగా ఉంటే ప్రైమరీ గేరు దగ్గరి సి ఆకారపు వాషర్ జారి ఇరుక్కుంటుంది. మధ్య బోల్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేసి పుల్లర్ బిగించండి. ఫ్లైవీల్ ఊడేటప్పుడు ఫిరంగి గుండులా వస్తుంది.

ఇంజన్‌కూ గేర్లకూ ఆయిల్ ఒకటే, దాదాపు 4.8 లీటర్ల 20డబ్ల్యూ-50. పలచని కొత్త రకం ఆయిళ్లు గేర్ల మధ్య నలిగి త్వరగా సత్తువ కోల్పోతాయి. 5,000 కిలోమీటర్లకోసారి మార్చాలి.

వైరింగ్, మొదటి స్టార్ట్

వైర్లకు రంగుల భాష ఉంది: గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు దాటిన ఇగ్నిషన్, నలుపు ఎర్త్. 1969 వరకు వచ్చిన మినీల్లో చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి తగులుతుంది. బ్యాటరీ తగిలించే ముందు ఎవరైనా మార్చారేమో చూసుకోండి, తిరగేస్తే ఆల్టర్నేటర్ ఉన్న బండిలో దాని డయోడ్లు వెంటనే కాలిపోతాయి. రంగు వేసిన బాడీ మీద ఎర్త్ పాయింట్ల దగ్గర రంగు గీకి, మెరిసే రేకుకు తగిలించాలి. లైట్లు మసకబారితే ముందు వెతకాల్సింది అక్కడే. డిస్ట్రిబ్యూటర్ గ్రిల్ వెనకే ఉంటుంది కాబట్టి దాని ముందు ప్లాస్టిక్ అడ్డు లేకపోతే వానలో ఇంజన్ ఆగిపోతుంది.

ప్లగ్గులు తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ ఒత్తిడి కనిపించేదాకా స్టార్టర్‌తో తిప్పండి. అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. వేడెక్కి, పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ ఒకసారి, ఆ వెంటే టప్పెట్లు చూడాలి. వందల కిలోమీటర్లు నడిచాక సబ్‌ఫ్రేమ్ బోల్టులు, చక్రాల నట్లు తిరిగి బిగించండి. కొత్త రబ్బరు కోన్‌లు ఈలోగా కొంత కుంగుతాయి, కాబట్టి వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించండి.

మొదటి వాన పడ్డాక ముందు కార్పెట్ల కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే తలుపు ట్రిమ్ బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు లేదేమో చూడండి. అద్దం మీద నుంచి తలుపులోకి దిగిన నీళ్లు ఆ షీటు లేకపోతే బోర్డు దాటి ఫ్లోరు మీదికి వస్తాయి. కొత్త ఫ్లోరు రేకు ఆ నీళ్లలో నానడం మొదలుపెట్టకముందే షీటు అతికించండి.