ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైడెల్‌బెర్గ్ కోటకు ఒక రోజు ప్రయాణం ఎలా చేయాలి?

జర్మనీలో నెక్కర్ నది ఒడ్డున ఉన్న హైడెల్‌బెర్గ్‌కు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం. ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు కానీ, చూసే వరుస ముఖ్యం. ఉదయం కోట, మధ్యాహ్నం పాత పట్టణం, సాయంత్రం నది అవతలి గట్టు చూడాలి. కోట నదికి దక్షిణాన ఉంది కనుక అవతలి గట్టు నుంచి మిట్టమధ్యాహ్నం చూస్తే ఎండ కళ్ళలో పడుతుంది. పొద్దు పడమటికి వాలిన తరువాతే ఆ ఎర్ర ఇసుకరాయి రంగు బయటపడుతుంది.

మొదట టికెట్ సంగతి చూసుకోండి. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవారు ప్రాంతీయ రైళ్ళే ఎక్కాలి. ఐసీఈ, ఐసీ వంటి వేగవంతమైన రైళ్ళలో అది చెల్లదు. హైడెల్‌బెర్గ్ ప్రధాన స్టేషన్ పాత పట్టణానికి దూరంగా ఉంటుంది. కాబట్టి అక్కడ ఎస్-బాన్ లోకల్ రైలు మారి ఆల్ట్‌స్టాట్ స్టేషన్‌లో దిగితే పాత పట్టణపు తూర్పు కొసకు చేరుకుంటారు. అక్కడి నుంచి కార్న్‌మార్క్ట్ అనే కూడలికి నడిచి వెళ్ళండి.

కోట పైకి తాళ్ళతో లాగే కొండ రైలు ఈ కూడలి దగ్గరే బయలుదేరుతుంది. కోట టికెట్‌లోనే కోట వరకు ఈ రైలు ప్రయాణం, లోపలి ప్రాంగణం, పెద్ద పీపా, ఔషధశాల మ్యూజియం కలిసి ఉంటాయి. నడవాలనుకుంటే 315 మెట్లున్న దారి ఉంది. పిల్లల దగ్గరకు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్ళేవారు మాత్రం రైలే ఎక్కించాలి. వారి మోకాళ్ళ ఓపిక సాయంత్రానికి కూడా మిగలాలి. కోట భవనాల లోపలి గదులను గైడ్‌తో మాత్రమే చూడనిస్తారు, దానికి వేరే టికెట్ తీసుకోవాలి.

కోటలో కనీసం రెండు గంటలు గడపండి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు 1689లోనూ, మళ్ళీ 1693లోనూ ఈ కోటను ధ్వంసం చేశాయి. తరువాత కొంత బాగుచేసినా 1764లో పిడుగు పడి తగలబడింది. తూర్పు వైపున మందుగుండు బురుజును తప్పక చూడండి. ఫ్రెంచి సైనికులు పేల్చినప్పుడు సుమారు ఆరున్నర మీటర్ల మందమున్న దాని గోడ కోసిన గుమ్మడికాయ ముక్కలా ఒక్కటిగా విడిపోయి కందకంలోకి జారింది, ఇప్పటికీ అలాగే ఒరిగి ఉంది. బురుజు లోపలి అంతస్తులు ఆ చీలికలోంచి కనిపిస్తాయి.

ప్రాంగణంలో కోట పాలకుల పూర్వీకుల విగ్రహాలతో నిండుగా ఉన్న ఫ్రెడరిక్ భవనాన్ని, పైకప్పు లేని ఓట్‌హైన్‌రిష్ భవనాన్ని పోల్చి చూడాలి. 1900 ప్రాంతంలో మొదటిదాన్ని పునరుద్ధరించారు. మిగిలిన కోటనూ తిరిగి కట్టాలన్న వాదన వచ్చినప్పుడు, కళా చరిత్రకారుడు గెయోర్గ్ డెహియో వంటివారు ఉన్నదాన్ని కాపాడాలే గాని లేనిదాన్ని ఊహించి కట్టరాదని గట్టిగా వాదించారు. ఖాళీ కిటికీల్లోంచి ఆకాశాన్ని చూసినప్పుడు, వారు చెప్పిందే న్యాయమని నాకు అనిపిస్తుంది.

కోటలోని పెద్ద పీపా 1751 నాటిది, ఆ చెక్క పీపాలో సుమారు 2,20,000 లీటర్ల ద్రాక్షసారా పట్టేది. ద్రాక్ష రైతులు పన్నుగా చెల్లించిన సారాను నిల్వచేయడానికి దీన్ని కట్టించారు. కొండ శిఖరమైన క్యోనిగ్‌ష్టూల్‌కు పోయే పై రైలు 1907 నాటిది, ముచ్చటగా ఉంటుంది. కానీ ఒక్క రోజే ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది.

కిందికి దిగాక మార్కెట్ కూడలిలోని పవిత్రాత్మ చర్చిలోకి వెళ్ళండి. కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య 1706లో ఇందులో కట్టిన అడ్డుగోడ 1936 వరకు నిలిచింది. 1386లో స్థాపించిన ఇక్కడి విశ్వవిద్యాలయం నేటి జర్మనీలో అన్నిటికంటే పాతది. అల్లరి చేసిన విద్యార్థులను 1914 వరకు నిర్బంధించిన గదులను, వారు గోడల నిండా వేసిన బొమ్మలను చూడవచ్చు. భోజనానికి శాకాహారులు కేజ్‌ష్పెట్స్‌లే అనే, చీజ్ కలిపిన నూడుల్స్ లాంటి వంటకం అడగవచ్చు. బంగాళదుంప వంటకాల్లో పంది మాంసపు ముక్కలు కలుస్తాయేమో ముందే అడిగి తెలుసుకోండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి గనుక కొనుగోళ్ళు ఉంటే వేరే రోజు రావాలి.

సాయంత్రం 1788లో పూర్తయిన పాత వంతెన దాటి, రాతి గోడల మధ్య మెలికలు తిరిగే ష్లాంగెన్‌వెగ్ మెట్లెక్కితే ఫిలాసాఫెన్‌వెగ్ అనే కొండదారి వస్తుంది. మెట్లు ఎక్కలేనివారు, పిల్లల బండి ఉన్నవారు నోయెన్‌హైమ్ వైపు నుంచి రావాలి. అదీ ఎత్తే కానీ మెట్లుండవు. ఇక్కడి నుంచి కోట, వంతెన, చర్చి గోపురం ఒకే చూపులో కనిపిస్తాయి. తిరుగు ప్రయాణానికి వెనక్కి రానవసరం లేదు. ఇదే దారిన పడమరగా నోయెన్‌హైమ్‌లోకి దిగి, థియోడోర్ హాయిస్ వంతెన దాటితే బిస్మార్క్‌ప్లాట్జ్ వస్తుంది, అక్కడి నుంచి ప్రధాన స్టేషన్‌కు ట్రామ్‌లు ఉంటాయి.