కాలిబ్రేషన్ ఆడిట్: స్టిక్కర్ దగ్గర ఆగిపోకుండా చేయడం ఎలా

సబ్‌స్టేషన్లు, విద్యుత్ కేంద్రాల మెయింటెనెన్స్ వర్క్‌షాపుల్లో కాలిబ్రేషన్ (కొలత పరికరం సరిగ్గా చూపుతోందో లేదో ప్రామాణిక పరికరంతో పోల్చి చూడటం) ఆడిట్ అంటే చాలాచోట్ల జరిగేది ఒకటే. రిజిస్టరు తెరుస్తారు, పరికరం మీద స్టిక్కర్ చూస్తారు, డ్యూ డేట్ దాటలేదని టిక్ పెట్టేస్తారు. ఇలా చేస్తే రిజిస్టరుకే ఎక్కని పరికరం ఎన్నేళ్లయినా కంటపడదు. అందుకని పూర్తయిన పనుల నుంచి మొదలుపెట్టండి.

గత ఆరు నెలల్లో ముగిసిన జాబ్ కార్డులు (చేసిన పనిని నమోదు చేసే పత్రాలు) ఓ పదిహేను తీయండి. బస్‌బార్ బోల్టుల బిగింపు, బ్రేకర్ కాంటాక్ట్ రెసిస్టెన్స్, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పరీక్ష, రిలే టెస్టింగ్, ప్రెజర్ స్విచ్ సెట్టింగ్ లాంటి కొలతల మీద నిలబడే పనులే ఎంచుకోండి. ప్రతి కార్డులో రీడింగ్, పరికరం నంబరు, పని జరిగిన తేదీ ఉన్నాయా చూడండి. ఆ పరికరానికి ఆ తేదీ నాటికి సర్టిఫికెట్ ఉండాలి, ఇవాళ ఉంటే చాలదు. పరికరం నంబరే లేని కార్డు దొరికితే అదే మొదటి లోపం. రేపు ఏదైనా మీటరు తప్పు చూపుతోందని తేలితే, దాంతో చేసిన పనులేవో వెతికే దారి ఉండదు కాబట్టి.

తర్వాత ఎదురు దిశలో రండి. టూల్ బాక్సులు, వ్యాన్లు, లాకర్లు, టెస్ట్ బెంచ్ సొరుగుల్లోంచి పది పరికరాలు తీసి, వాటి సీరియల్ నంబర్లను రిజిస్టరులో వెతకండి. స్టోరులో వరసగా పేర్చి చూపించేవి వద్దు. కాంట్రాక్టరు వెంట తెచ్చుకున్న టార్క్ రెంచ్‌లు (బోల్టును నిర్ణీత బిగువుకు బిగించేవి), పాడైనదాని బదులు హడావిడిగా కొన్న క్లాంప్ మీటర్లు (తీగ చుట్టూ దవడలు మూసి కరెంటు కొలిచేవి) ఇలాగే బయటపడతాయి.

సర్టిఫికెట్ చేతికొస్తే 'పాస్' అన్న మాట దగ్గర ఆగకండి. ల్యాబ్‌కు ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 (పరీక్ష, కాలిబ్రేషన్ ల్యాబ్‌ల ప్రమాణం) గుర్తింపు ఉంటే సరిపోదు, ఈ కొలతా, ఈ రేంజీ ఆ గుర్తింపు పరిధిలో ఉన్నాయో లేదో చూడాలి. కొలతలో అనిశ్చితి (అసలు విలువ ఎంత అటూ ఇటూ ఉండొచ్చో) ఎంతో అంకెల్లో ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, సర్దుబాటు చేయకముందు వచ్చిన రీడింగులు. చాలా సర్టిఫికెట్లలో సర్దుబాటు తర్వాతి అంకెలే ఉంటాయి. అవి చూస్తే రెంచ్ ఇప్పుడు బాగుందని తెలుస్తుంది గానీ, నిన్నటిదాకా ఎలా బిగించిందో తెలియదు. ల్యాబ్‌కిచ్చే ఆర్డరులోనే 'ముందు రీడింగులు కావాలి' అని రాయించండి.

టార్క్ రెంచ్ మీద కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. సెట్ చేసిన బిగువు రాగానే క్లిక్ మనే రకానికి ఐఎస్‌ఓ 6789 ప్రకారం 10 న్యూటన్-మీటర్లు దాటిన రెంచ్‌లో ±4 శాతం వరకే తేడా ఒప్పుకుంటారు. గరిష్ఠ సామర్థ్యంలో 20, 60, 100 శాతాల దగ్గర పరీక్షిస్తారు. సంస్థకు సొంత పద్ధతి లేకపోతే 12 నెలలకో, 5,000 సార్లు వాడాకో, ఏది ముందైతే అప్పుడు మళ్లీ కాలిబ్రేషన్ చేయించాలి. ఈ రెండో షరతును ఎవరూ లెక్కపెట్టరు. రోజుకు 60 బోల్టులు బిగించే బృందం 84 పనిదినాల్లోపే 5,000 దాటేస్తుంది. అదే రెంచ్‌తో బిగిసిపోయిన బోల్టులు విప్పుతున్నారేమో, పని అయ్యాక స్ప్రింగ్‌ను కనిష్ఠ సెట్టింగ్‌కు తగ్గించకుండానే వదిలేస్తున్నారేమో అక్కడే నిలబడి చూడండి. రెండూ రెంచ్‌ను పాడుచేసే అలవాట్లే.

లెక్క ఇలా వేయాలి: 60 న్యూటన్-మీటర్ల దగ్గర సెట్ చేసిన రెంచ్ 56 దగ్గరే క్లిక్ మంది అనుకుందాం. తేడా 4, దాన్ని అసలు విలువ 56తో భాగిస్తే 7.1 శాతం. పరిమితి దాటింది, పైగా బోల్టులన్నీ వదులుగా ఉన్న వైపు. వదులు జాయింట్‌లో రెసిస్టెన్స్ పెరిగి, లోడు మీద వేడెక్కుతుంది.

ఆయిల్ ఎంత వోల్టేజి దాకా తట్టుకుంటుందో చూసే బీడీవీ కిట్‌లో వోల్టేజి చూపించే మీటరుకు సర్టిఫికెట్ ఉంటుంది, ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీని ఎవరూ పట్టించుకోరు. ఐఈసీ 60156 ప్రకారం అది 2.5 మిల్లీమీటర్లు, తేడా ±0.05 మాత్రమే. ఖాళీ 2.7 అయితే రీడింగ్ ఎక్కువ వస్తుంది, చెడిపోయిన ఆయిల్ మంచిదై కూర్చుంటుంది. గ్యాప్ గేజ్ అడగండి, దాని సర్టిఫికెట్ కూడా అడగండి.

ప్రెజర్ గేజ్‌ను క్లాసు (రేంజీలో ఎంత శాతం తేడా ఒప్పుకుంటారో చెప్పే అంకె), రేంజీ కలిపి చూడాలి. 0–16 బార్, క్లాస్ 1 గేజ్‌కు స్కేలంతటా 0.16 బార్ తేడా ఒప్పుకుంటారు. దాంతో 2 బార్ దగ్గర స్విచ్ సెట్ చేస్తే ఆ తేడా 8 శాతం. గేజ్ మంచిదే, ఆ పనికి తగినది కాదు. క్లాంప్ మీటరు దవడలు మూసినప్పుడు ముఖాలు పూర్తిగా కలుస్తున్నాయా, మధ్యలో మురికి ఉందా అన్నది కూడా చూడండి. రబ్బరు గ్లవ్స్‌కు కాలిబ్రేషన్ ఉండదు, ఎలక్ట్రికల్ పరీక్ష ఉంటుంది. ఏఎస్‌టీఎం ఎఫ్ 496 పాటించే చోట వాడకంలో ఉన్నవాటికి ఆరు నెలలకోసారి. ఇవి వేరే రిజిస్టరులో ఉంటాయి కాబట్టి తరచూ ఆడిట్ నుంచి జారిపోతాయి. జారిపోనివ్వకండి, అవి లైన్‌మ్యాన్ చేతులు.

ఇక అసలు పరీక్ష. గత ఏడాది పరిమితి దాటినట్టు తేలిన పరికరం ఒకటి ఎంచుకుని, "దీంతో చేసిన పనుల జాబితా ఇవ్వండి" అని అడగండి. వెనకటి మంచి కాలిబ్రేషన్ తేదీ నుంచి తప్పు దొరికిన రోజు దాకా ప్రతి పనీ అందులో ఉండాలి. "రిపేరు చేయించాం" అనేది జవాబు కాదు. పైన చెప్పిన రెంచ్ విషయంలోనైతే, ముందు లోడు మీద థర్మోగ్రఫీ (వేడిని చూపే కెమెరాతో పరిశీలన) చేసి మూడు ఫేజుల జాయింట్లను పోల్చాలి. తర్వాత లైన్ ఆపి, ఎర్తింగ్ చేసి, సరైన రెంచ్‌తో 60 దగ్గర తనిఖీ చేయాలి. క్లిక్ రాకముందే బోల్టు కదిలితే అది వదులుగా ఉన్నట్టే. ఎక్కువ బిగించిన బోల్టు మాత్రం ఈ పద్ధతికి దొరకదు. తప్పు ఆ వైపు ఉంటే బోల్టు, వాషర్లు మార్చి కొత్తగా బిగించాలి.

లోపాన్ని రాసేటప్పుడు 'కాలిబ్రేషన్ నియంత్రణ బలహీనం' లాంటి మాటలు ఎవరికీ పనికిరావు. ఉదాహరణకు ఇలా రాయండి: "టార్క్ రెంచ్ నంబరు 14, 60 న్యూటన్-మీటర్ల దగ్గర 7.1 శాతం తేడా, పరిమితి 4. గత కాలిబ్రేషన్ నుంచి దీంతో బిగించిన జాయింట్ల జాబితా లేదు. 9 జాబ్ కార్డుల్లో రెంచ్ నంబరు రాయలేదు."